మల్వేనీ గారి నీలం చీటీ

ప్రతి గురువారం మధ్యాహ్నం మూడింటికి సెనేట్ న్యాయ కమిటీ వాళ్ళు పై వారం విచారణకు పిలిచే జడ్జీల జాబితా పెడతారు. జనవరి మొదలుకొని ఆ వేళకి జడ్జి మార్జరీ కుబియాక్ కోర్టుకి పది నిమిషాలు విరామం ఇచ్చి తన గదిలోకి పోయేది. తలుపు వేసుకుని, కంప్యూటర్లో ఆ జాబితా తెరిచి, పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి చదివేది. తన పేరు ఉండేది కాదు. మొహం కడుక్కుని మళ్ళీ వచ్చి కూర్చునేది.

ఏడేళ్ళ కిందట ఆమెతోపాటు ప్రమాణం చేసిన వేరే కౌంటీల వాళ్ళిద్దరి పేర్లు జనవరిలోనే వచ్చేశాయి. ఇంకొకాయన ఉన్నాడు, సాక్షి చెబుతూ ఉండగానే కునికిపాట్లు పడతాడని వకీళ్ళంతా నవ్వుకునే ఆయన. ఆయన పేరు కూడా ఫిబ్రవరి మొదటి వారంలో వచ్చింది. ఈమె పేరు మాత్రం రాలేదు.

ఆ రాష్ట్రంలో జడ్జి ఉద్యోగం మొదట ఏడేళ్ళకే. అవి నిండేలోగా గవర్నరు మళ్ళీ పేరు పంపాలి, సెనేట్ ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే డెబ్బయ్యో ఏడు వచ్చేదాకా ఢోకా లేదు. ఒప్పుకోకపోతే ఏడేళ్ళు నిండిన రోజు మధ్యాహ్నం పన్నెండింటికి నల్లగౌను విప్పి ఇంటికి పోవాలి. మార్జరీకి ఆ రోజు మార్చి పద్నాలుగు. గవర్నరు నవంబరులోనే ఆమె పేరు పంపాడు. ఇంక అడ్డమల్లా నీలం చీటీ.

జడ్జి ఏ కౌంటీ, అంటే ఏ జిల్లా, మనిషో ఆ కౌంటీ సెనేటరుకి కమిటీ ఒక నీలం కాగితం పంపుతుంది. ఆయన దాని మీద సంతకం పెట్టి వెనక్కి పంపితేనే కమిటీ ఆ పేరును ముట్టుకుంటుంది. కౌంటీలో వీసమెత్తు నేల తన కిందికి వచ్చే సెనేటరైనా సరే, ఆయన చీటీ కూడా రావలసిందే. పంపకపోతే ఎందుకు పంపలేదని అడిగే నాథుడు లేడు. అసలు ఎవరి చీటీ వచ్చింది, ఎవరిది రాలేదు అన్నది కూడా కమిటీ బయటపెట్టదు. పోనీ ఇదేమన్నా రాజ్యాంగంలో ఉందా, చట్టంలో ఉందా అంటే ఎక్కడా లేదు. నూరేళ్ళుగా చేస్తున్నారు కాబట్టి చేస్తున్నారు, అంతే. ఏ మహానుభావుడు మొదలుపెట్టాడో గాని, మనిషి పీక పట్టుకుని, పట్టుకున్న చెయ్యి ఎవరిదో తెలియనివ్వని ఉపాయం ఇంతకు మించింది నేనెక్కడా చూడలేదు.

అయితే చెయ్యి ఎవరిదో ఆ కౌంటీలో ఒకరు చెప్పనక్కర్లేదు. సెనేటర్ జెరాల్డ్ మల్వేనీ. ఇరవయ్యారేళ్ళుగా ఆ సీటు ఆయనదే. చావుకీ పెళ్ళికీ ముందుగా వచ్చేదీ ఆయనే, ఆఖర్న పోయేదీ ఆయనే. పాఠశాల బస్సు డ్రైవరు ఉద్యోగం దగ్గర్నుంచి హైకోర్టు దాకా ఆయన చెవిన పడకుండా ఏదీ జరగదంటారు. అన్నవాళ్ళలో సగంమంది అది చూసి చెప్పరు, విని చెబుతారు. అయినా అందరూ అంటారు కాబట్టి మార్జరీ కూడా నమ్మింది.

ఆమెకు యాభై ఎనిమిదేళ్ళు. జడ్జి అయ్యేటప్పుడు తన వకీలు ఆఫీసు మూసేసి, కక్షిదారుల్ని తలా ఒకరికి అప్పజెప్పేసింది. ఇప్పుడు మళ్ళీ బోర్డు తగిలిస్తే ఎవరొస్తారు? అదైనా తట్టుకునేదేమో. భర్త లెన్ ఒకప్పుడు పడవలు కట్టిన మనిషి. నాలుగేళ్ళ కిందట నరాల జబ్బు పట్టుకుంది. ఆరు నెలలకోసారి ఆసుపత్రిలో రోజంతా కూర్చోబెట్టి ఓ మందు ఎక్కిస్తారు. ఆ మందు పుణ్యమా అని చేతికర్ర పట్టుకుని తన కాళ్ళ మీద తాను తిరుగుతున్నాడు. ఆ మందుకి బీమా ఆమె ఉద్యోగంతో వచ్చింది, ఉద్యోగంతోనే పోతుంది. ఈ సంగతి ఆ ఇంట్లో ఎవరూ పైకి అనరు. ఇద్దరికీ తెలుసు కదా, అనడమెందుకు.

లెన్ మాత్రం ఊరుకోలేక ఓ రోజు పొద్దున కాఫీ దగ్గర అన్నాడు.

"నువ్వే పోయి అడిగేస్తే ఏం పోతుంది మార్జ్? ఏమయ్యా, నా చీటీ ఏమైందయ్యా అని."

"ఉద్యోగం పోతుంది."

"ఎలాగూ పోతోందిగా."

ఆమె నవ్వింది. కాని అతను చెప్పింది కుదిరే పని కాదు. జడ్జి తన ఉద్యోగం కోసం సెనేటరు గడప తొక్కకూడదు, ఫోన్ చెయ్యకూడదు, ఇంకొకరి చేత చెప్పించకూడదు. అడగడానికి వీల్లేని వాళ్ళ దగ్గర, చెప్పక్కర్లేని వాళ్ళ నుంచి, కారణం తెలుసుకోవాలి. ఇంక మిగిలింది ఊహించుకోవడం. పాపం, ఆ పనే చేసింది. ఏడేళ్ళలో తానిచ్చిన తీర్పులన్నీ మనసులో ఒక్కొక్కటే తిరగేసింది. మల్వేనీకి కోపం తెప్పించేది ఏదీ కనబడలేదు. అప్పుడు ఇచ్చిన తీర్పులు కాకపోతే ఇవ్వబోయే తీర్పు అయి ఉండాలి అనుకుంది.

ఇవ్వబోయే తీర్పు ఒకటి ఆమె బల్ల మీద ఉంది. ఆమోస్ టిల్‌మన్ అని ఆల్చిప్పలు పట్టే ఆయనది. క్రాడక్ రేవులో ఒక షెడ్డు అద్దెకు తీసుకుని, బురదలోంచి తెచ్చిన ఆల్చిప్పలు అక్కడ కడిగి ఏరి లారీలకెత్తుతాడు. అద్దె ఒప్పందం కాగితం మీద ఉంది. ఏటా ఇంకో ఏడు ఉండదలుచుకుంటే అక్టోబరులోగా రాతపూర్వకంగా తెలియజెయ్యాలని అందులో ఉంది. ఆమోస్ ఒక్క ఏడు కూడా రాసివ్వలేదు. నడిచి వెళ్ళి చెప్పేవాడు. ఇప్పుడు ఆ రేవులో పెద్ద హోటలు కడతామని ఎవరో వచ్చేసరికి రేవు యజమాని డెన్నిస్ క్రాడక్‌కి ఉన్నట్టుండి ఆ కాగితం గుర్తొచ్చింది. విచారణలో ఆమోస్ టోపీ చేతిలో పట్టుకుని తన గోడు తానే చెప్పుకున్నాడు. వకీలు లేడు.

"ఇరవై రెండేళ్ళండి, అమ్మగారూ. అక్టోబరు వస్తే వెళ్ళి, డెన్నిస్, ఇంకో ఏడు ఉంటానయ్యా అంటాను. ఉండవయ్యా అంటాడు. మా నాన్న వాళ్ళ నాన్నకి అలాగే చెప్పేవాడు. మొన్న అక్టోబరులో కూడా ఉండవయ్యా అన్నాడు. ఇప్పుడొచ్చి కాగితమేదీ అంటున్నాడు."

క్రాడక్ దాన్ని కాదనలేదు. ఉండమన్న మాట నిజమేనని, అయితే అది రాత కాదని ఒప్పుకున్నాడు. అలాంటి కేసుని చట్టం ప్రకారం ఎటైనా తేల్చవచ్చు. మార్జరీ ఇరవై రెండేళ్ళ నడవడిని చూసింది. ఇన్నేళ్ళూ నోటిమాట చాలుననుకున్నవాడు ఇప్పుడు కాగితం అడగడానికి వీల్లేదు, షెడ్డు ఆమోస్‌దే అని రాసింది. రాసి, వకీలు ఆఫీసు నాటినుంచీ తన దగ్గర పదిహేనేళ్ళుగా పనిచేస్తున్న లొరెట్టా బివెన్స్‌కి టైపు చెయ్యమని ఇచ్చింది. లొరెట్టా టైపు చేసి తెచ్చి బల్ల మీద పెట్టింది. సంతకం ఒకటే తక్కువ.

ఆ డెన్నిస్ క్రాడక్ పచ్చికబయలు మీదే ఏటా ఆగస్టులో మల్వేనీ గారి విందు జరుగుతుంది. ఎనిమిది వందల మంది నిలబడి తింటారు. పేపర్లో ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చేతులేసుకున్న ఫొటో వస్తుంది. కౌంటీలో చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతి.

సంతకం పెట్టాల్సిన రోజుకి ముందు రోజు వకీళ్ళ సంఘం వాళ్ళ భోజనం ఉంది. పీతల సూపు దగ్గర వరసలో నిలబడి ఉంటే క్రాడక్ తరఫు వకీలు పక్కకి వచ్చాడు. గొంతు తగ్గించి, మీ చీటీ ఇంకా రాలేదటగా జడ్జిగారూ, చాలా విచారంగా ఉందండీ, త్వరలోనే సర్దుకుంటుందిలెండి అన్నాడు. అని సూపు పోయించుకుని వెళ్ళిపోయాడు. ఆ మనిషి నిజంగానే జాలిపడ్డాడు. ఈమెను మాత్రం ఆ మాట పట్టుకుంది. సర్దుకుంటుందిలెండి అంటే ఏమిటి? ఎవరు సర్దుతారు? ఏం చేస్తే సర్దుకుంటుంది? గిన్నె తీసుకెళ్ళి బల్ల మీద పెట్టిందే గాని చెంచా ముట్టుకోలేదు.

మర్నాడు సంతకం పెట్టలేదు. ఆ కేసులోంచి తప్పుకుందామా అనుకుంది. తప్పుకుంటే కారణం రాయాలి. సెనేటరుకి జడిసి తప్పుకుంటున్నాను అని రాస్తుందా? పోనీ మార్చి పద్నాలుగు దాటేదాకా వాయిదా వేద్దామా అనుకుంది. అరవై రోజుల గడువు దాటిన తీర్పులన్నింటి పట్టీ కమిటీకి పోతుంది, అందులో ఆమోస్ కేసు మొదటి వరసలో ఉంటుంది. ఎటు తిరిగినా గోడే. నాలుగు రోజులు అలాగే గడిచాయి. లెన్ మెట్లు దిగుతుంటే ఒక్కొక్క మెట్టు మీదా కర్ర ఆనే చప్పుడు వింటూ వంటింట్లో నిలబడిపోయేది. ఎవరైనా వచ్చి ఫలానాది చెయ్యి అని బెదిరిస్తే బాగుండును, పోలీసులకి చెబుదును అనుకుంది. ఎవరూ రాలేదు. చిత్రమేమిటంటే అదే ఆమెకి పెద్ద బెదిరింపుగా కనబడింది.

మంగళవారం పొద్దున తీర్పు మళ్ళీ రాసింది. వాస్తవాలు అవే, పేర్లు అవే, ఆఖరి పేజీ ఒక్కటే మారింది. రాతలో లేని ఆచారం ఎన్నేళ్ళు నడిచినా రాతను తోసెయ్యలేదు అని రాసింది. రాసిన వాక్యం మళ్ళీ చదువుకుంది. ఆ మాట నీలం చీటీకీ వర్తిస్తుందని ఆమెకి తట్టకపోలేదు. కలం కిందపెట్టి, కాగితాలు పట్టుకుని లొరెట్టా దగ్గరికి వెళ్ళింది.

లొరెట్టా చదివింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"ఇది మొన్నటిదే కదండీ, జడ్జిగారూ. చివర మారింది."

"మారింది."

"పాతది చింపెయ్యనా, దాచనా?"

"చింపెయ్యి."

లొరెట్టా కొత్తది టైపు చేసింది. మామూలుగా మధ్యాహ్నం ఇద్దరూ కలిసి తింటారు. ఆ రోజు లొరెట్టా దంతాల డాక్టరు దగ్గరికి వెళ్ళాలని బయటికి పోయింది.

తీర్పు చదివినప్పుడు ఆమోస్ లేచి నిలబడి విన్నాడు. పది రోజుల్లో ఖాళీ చెయ్యాలన్న దగ్గర ఒకసారి తల పైకెత్తాడు. ఏమైనా చెప్పుకునేది ఉందా అని మార్జరీ అడిగింది, అడగడం ఆనవాయితీ.

"మీరు చివరిదాకా విన్నారండీ, అమ్మగారూ. అంత ఓపిగ్గా ఎవరూ వినలేదు. మీకలా కనబడితే అలాగే అయ్యుంటుంది."

అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది. దొంగ అని అరిచినా ఆమెకి ఇంత సిగ్గుగా ఉండేది కాదు. తన గదిలోకి పోయి గౌనుతోనే కుర్చీలో కూలబడింది.

ఆ పై గురువారం మూడింటికి జాబితాలో ఆమె పేరు వచ్చింది. నాలుగో పేరు. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివింది. ఇంకేం కావాలి? కౌంటీ అంతా అనుకునేది నిజమే. మల్వేనీ చెవిన పడింది, చీటీ వచ్చింది. ఇంటికి వెళ్ళి చెబితే లెన్ కర్ర పక్కన పడేసి ఆమెను గట్టిగా పట్టుకుని ఏడ్చాడు. ఆమె కూడా ఏడ్చింది. అతని కోసం చేశాను, ఇంకొకరెవరైనా ఇదే చేస్తారు అని తనకి తాను చెప్పుకుంది. ఆ మాట రెండు మూడు రోజులు పనిచేసింది. ఖాళీ చేసిన మర్నాడే క్రాడక్ మనుషులు యంత్రం తెచ్చి షెడ్డు పడగొట్టేశారని లొరెట్టా చెప్పింది. అడక్కుండానే చెప్పింది. చెప్పి తన పని తాను చూసుకుంది.

విచారణ మార్చి ఎనిమిదిన. రాజధానిలో సెనేట్ భవనం రెండో అంతస్తు వసారా నిండా జడ్జీలు, వాళ్ళ చుట్టాలు, పూలగుత్తులు పట్టుకున్న పిల్లలు. పెళ్ళివారి విడిదిలా ఉంది. అంతా అయ్యాక జరిగే లాంఛనం అది, చీటీలు వచ్చాక కమిటీలో గాని, ఆ తరవాత సెనేట్‌లో గాని ఇంక ఆపేవాళ్ళుండరు. లెన్ కొత్త టై కట్టుకున్నాడు. అతన్ని లోపల కూర్చోబెట్టి మార్జరీ మంచినీళ్ళకి బయటికి వచ్చేసరికి మల్వేనీ ఎదురయ్యాడు. డెబ్బై దాటిన మనిషి, భారీ విగ్రహం, కోటు గుండీలు పట్టడం లేదు. రెండు చేతులతో ఆమె చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

"మొత్తానికి వచ్చావమ్మా మార్జరీ. నా చీటీ నేను థాంక్స్‌గివింగ్ పండక్కి ముందే పంపేశాను. ఇంకా పిలవరేమిటా అని చూస్తున్నా."

ఆమెకు సరిగ్గా వినబడలేదనిపించింది. "ఎప్పుడన్నారు?"

"నవంబర్లో. వచ్చిన రోజునే సంతకం పెట్టా. నీకేం తక్కువ? అదుగో ఆ పక్క సెనేటరు ఆస్ట్రాండర్ గాడి నిర్వాకం ఇదంతా. మన కౌంటీకి ఉత్తరాన మూడు వీధులున్నాయి చూడు, అవి వాడి కిందికొస్తాయి. గవర్నరు వాడికి పడవలు దింపుకునే రేవు ఒకటి ఇస్తానని ఎగ్గొట్టాడు. దాంతో గవర్నరు పంపిన పేర్లలో చేతికి దొరికినదల్లా సొరుగులో పెట్టుక్కూచున్నాడు. పోయిన వారం రేవు ఇచ్చారు, వదిలాడు. నీ మొహమైనా తెలీదు వాడికి."

వసారాలో ఎవరి పిల్లో పకపకా నవ్వింది. ఏదో ఒకటి అడగాలి కాబట్టి మార్జరీ, క్రాడక్ గారు బాగున్నారా అని అడిగింది.

"ఎవరు, డెన్నిసా?" మల్వేనీ కాస్త ఆశ్చర్యపోయాడు. "బాగానే ఉన్నాడనుకుంటా. ఆగస్టు తరవాత నేను చూడనేలేదు. ఏం, ఏమన్నా అయిందా?"

ఏమీ లేదంది. ఆయన ఆమె భుజం తట్టి ఇంకొకరి చెయ్యి ఊపడానికి ముందుకు సాగిపోయాడు. ఆమె మంచినీళ్ళ సంగతి మరిచిపోయి గోడకి ఆనుకుని నిలబడింది. ఆమోస్ షెడ్డు ఎవరూ అడగలేదు. మల్వేనీకి ఆ కేసు ఉందనే తెలియదు. ఆస్ట్రాండరుకి ఆమె ఉందనే తెలియదు. మొదటి తీర్పు మీద సంతకం పెట్టి ఉన్నా ఈ రోజు ఇక్కడే, ఇలాగే, లెన్ కొత్త టైతో సహా ఉండేది. నడివీధిలో మనిషిని గుద్దేసి, ఎవరో తరుముతున్నారనుకుని గుద్దేశాను అని చెప్పుకోవలసిన స్థితి. వెనక్కి తిరిగితే తరిమినవాడే లేడు.

ఆమె పేరు పిలిచారు. వెళ్ళి పొడుగు బల్ల ముందు కూర్చుంది. పదకొండు మంది సెనేటర్లు, ముందర కాగితాలు, కాఫీ కప్పులు. చెయ్యెత్తించి ప్రమాణం చేయించారు. మల్వేనీ లేచి ఆమె గురించి నాలుగు మంచి మాటలు చెప్పాడు. చిన్నవాళ్ళనీ పెద్దవాళ్ళనీ ఒక్కలాగే చూస్తుందని, ఎవరి మొహమూ చూసి తీర్పు చెప్పదని కౌంటీ అంతా అనుకుంటుందన్నాడు. కుటుంబ సభ్యులు నిలబడండి అంటే లెన్ కర్ర మీద బలం వేసి లేచాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

కమిటీ అధ్యక్షురాలు కళ్ళజోడు ముక్కు మీదికి దించుకుని, ఎదురుగా ఉన్న కాగితంలోని ప్రశ్నలు వరసగా చదవడం మొదలుపెట్టింది. పన్నులు సక్రమంగా కట్టారా. కట్టాను. ఏ కేసులోనైనా మీ మీద విచారణ ఉందా. లేదు. ఆ గొంతులో ఎత్తుపల్లాలు లేవు, రోజూ చదివేవే.

"ఈ నియామకం సందర్భంగా, మీ ముందున్న ఏ కేసు విషయంలోనైనా, ఎవరైనా మిమ్మల్ని ఏదైనా చెయ్యమని అడగడం గాని, మీ దగ్గర మాట తీసుకోవడం గాని జరిగిందా?"

మార్జరీ తిన్నగా ఆమె కేసి చూసింది. చెప్పెయ్యాలనిపించింది. ఇక్కడ, ఇప్పుడు, ప్రమాణం చేసిన నోటితో. చెబితే ఏమవుతుందో ఆమెకి తెలుసు, అయినా నోరు తెరిచింది.

"ఎవరూ అడగలేదండీ. అడక్కుండా నేనే ఒక కేసులో..."

"అవును, లేదు, రెంటిలో ఒకటి చాలండీ, జడ్జిగారూ," అంది అధ్యక్షురాలు, తల ఎత్తకుండానే. "మీ వెనక ఇంకా ఏడుగురున్నారు."

గదిలో అందరూ చిన్నగా నవ్వారు. జడ్జీలకి ఎక్కువ మాట్లాడే అలవాటని ఒక సెనేటరు పక్కనున్నాయనతో అన్నాడు. మార్జరీ వెనక్కి తిరిగి చూసింది. రెండో వరసలో లెన్ ఇంకా నిలబడే ఉన్నాడు, కూర్చోమని ఎవరూ చెప్పలేదు కాబోలు. రెండు చేతులూ కర్ర మీద ఉన్నాయి. ఆమెను చూసి నవ్వాడు.

"లేదు," అంది.

గుమాస్తా రాసుకున్నాడు. పదకొండు చేతులూ లేచాయి. అధ్యక్షురాలు ఈసారి తలెత్తి, కళ్ళజోడు తీసి, మనస్ఫూర్తిగా నవ్వింది.

"అభినందనలు. డెబ్బయ్యో ఏడు వచ్చేదాకా ఇక మిమ్మల్ని ఆ కుర్చీలోంచి ఎవరూ కదిలించలేరు."